మూడో వరుస, నాలుగో డబ్బా

జోయెల్ ఎడమచేతిలో దారపు రీలు, కుడిచేతిలో ఫోను. తెల్లకాగితం పరిచిన చెప్పుల డబ్బాలో రీలును నిలబెట్టి ఫోటో తీసి, దాని మీద వేలు ఆనిస్తే, ఆ రంగుకు కంప్యూటరు వాడే ఆరక్షరాల కోడు తెర మీద పడుతుంది. ఆ కోడును ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, చిన్న చీటీ మీద నంబరు వేసి, రీలు పక్కన చాప మీద పెడతాడు. మళ్లీ ఇంకో రీలు. పొద్దున పది గంటల నుంచి ఇదే పని. మొత్తం మూడు వందల ఎనభై నాలుగు రంగులు. మధ్యాహ్నానికి నూట ఇరవై అయ్యాయి.

గల్లా దగ్గర కూర్చున్న గుండయ్య సేటుకు ఇది చూస్తే నవ్వు వచ్చింది. కళ్లెదురుగా కనబడే రంగుకు ఈ కొలతలేమిటని రెండుసార్లు అడిగాడు. తెర మీద సరిగ్గా రావాలంటే కొలవాలి సేటూ అని జోయెల్ రెండుసార్లూ అదే జవాబు చెప్పాడు. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతీ కాదు. మెహందీ ఆకుపచ్చా, కాఫీపొడి రంగూ జోయెల్‌కు ఒకేలా కనబడతాయి. ఎరుపుల్లో సగం, పచ్చల్లో సగం అతని కంటికి ఒకే మట్టిగుట్ట. వెబ్‌సైట్లకు తెరలు గీసి బతికేవాడికి రంగులు తెలియవంటే రెండో పని ఎవరూ ఇవ్వరు. అందుకే ఎనిమిదేళ్లుగా పని ఇచ్చిన ఏ ఒక్కరికీ ఆ మాట చెప్పలేదు. మనుషుల ముఖాలు గుర్తున్నట్టు అతనికి కోడులు గుర్తుంటాయి. వాటితోనే నెట్టుకొచ్చాడు.

ఛత్రినాక బజారులో ఆ దారాల దుకాణం గుండయ్య తాత పెట్టింది. అక్కడి దర్జీలే కాక జల్‌పల్లి కొత్త కాలనీల్లో జాకెట్లు కుట్టే ఆడవాళ్లు కూడా రెండు బస్సులు మారి వచ్చేవారు. వచ్చేది దుకాణం పేరు చూసి కాదు, ఆగయ్యను చూసి. ఆగయ్య నలభై ఏళ్లుగా ఆ అరల ముందు నిలబడ్డాడు. గుడ్డముక్క చేతికిస్తే దాన్ని గడప దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో ఒక్కసారి తిప్పి చూసి, వెనక్కి వచ్చి నేరుగా ఒక డబ్బాలో చెయ్యి పెడతాడు. తీసిన రీలు మళ్లీ లోపల పెట్టిన రోజు లేదని చెప్పుకునేవారు. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. బోనాలు కాగానే మానేస్తానన్నాడు. ఆగయ్య పోతే దర్జీలూ పోతారని గుండయ్య భయం. అందుకే ఫోనులోంచే రంగు చూసి దారం తెప్పించుకునేలా ఒక పేజీ కావాలన్నాడు. ఎవరో చెబితే జోయెల్‌ను పిలిపించాడు. ఏ పనో విన్నాక జోయెల్ కాదనాలనుకున్నాడు. అయినా ఒప్పుకున్నాడు. చేతిలో వేరే పని లేదు.

జోయెల్ తండ్రి మొగులయ్య రైలు పట్టాల మీద పనిచేసి రిటైరయినవాడు. కొడుకు ఇంజను నడపాలని ఆయన కోరిక. జోయెల్ పరీక్ష పాసయ్యాడు. తల్లి లీలమ్మ చర్చిలో అందరికీ మిఠాయి పంచింది. ఆ తర్వాతి వారం వైద్యపరీక్షలో డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి, చుక్కల్లో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. చుక్కలు కనబడ్డాయి. అంకె కనబడలేదు. డాక్టరు మంచిగానే మాట్లాడాడు, ఇంకో పేజీ తిప్పి చూడమన్నాడు, అందులోనూ చుక్కలే ఉన్నాయి. తిరిగి వస్తూ జోయెల్ ముందే బస్సు దిగి నడిచాడు. ఏడుపు వస్తుందేమోనని నయాపూల్ వంతెన మీద గోడ పక్కన కాసేపు నిలబడ్డాడు. రాలేదు. ఆ రోజు రానిది తర్వాతా రాలేదు. ఇంట్లో చుట్టాల పిల్లలు పండుమిరపకాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి ముఖం ముందు పట్టి ఇదేం రంగు, అదేం రంగు అని నెల రోజులు ఆడుకున్నారు. పన్ను పీకేముందు సూది వేస్తే చిగురు మొద్దుబారినట్టు, తాకుతున్నారని తెలిసేది. అంతే.

ఆ పైన నయాపూల్ కోర్టుల దగ్గర ఒక జిరాక్సు దుకాణంలో కుదిరాడు. జనం అక్కడికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపించుకోవడానికి వచ్చేవారు. వాళ్లు తెర ముందు కూర్చుంటే జోయెల్ వేళ్లు చూసేవాడు. పేరు దగ్గర ఆగని వేలు తండ్రి పేరు దగ్గర ఆగేది. పుట్టిన తేదీ దగ్గర వణికేది. చదువుకున్నవాళ్లే తర్వాత ఏది నొక్కాలో తెలియక పక్కవాళ్ల ముఖం చూసేవారు. తప్పు మనుషులది కాదు, తెరదని అతనికి తట్టింది. ఖాళీ సమయంలో అదే దరఖాస్తును కాగితం మీద పెన్సిలుతో మళ్లీ గీసేవాడు: ఏది ముందు, ఏది పెద్దగా, ఏది అక్కరలేదు. గీసింది తీసుకెళ్లి టీ కొట్టు అతని ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా వేలు ఎక్కడ ఆగుతుందో చూసేవాడు. ఆగిన చోట చెరిపి మళ్లీ గీసేవాడు. అతను నేర్చుకున్న చదువంతా అదే. కోడు రాయడం ఫోనులో పాఠాలు చూసి నేర్చాడు. పని గురించి పెద్దపెద్ద మాటలు చెప్పేవాళ్లతో అతనికి పడేది కాదు. వేలు ఆగిందా లేదా, అంతే కావాలి.

దారాల దగ్గర తప్పు మొదటిరోజు సాయంత్రమే జరిగిపోయింది. రీళ్లన్నీ అరల్లోంచి దించి, కోడు వరసన ఒక దాని పక్కన ఒకటి చాప మీద పేర్చుకున్నాడు. చీటీలు రాసి రీళ్ల ముందు పెట్టాడు, జిగురు చివర్లో ఒకేసారి పూద్దామనుకున్నాడు. ఫోను మోగితే లేచాడు. మోకాలు తగిలి చాప అంచున ఉన్న వరుస దొర్లింది. చీటీలు ఒకవైపు, రీళ్లు ఒకవైపు. అన్నీ ఏరి, ఫోనుతో మళ్లీ కొలిచి పేర్చాడు. కానీ అప్పటికి దీపాలు పెట్టేశారు. పగటి వెలుతురులో ఒక కోడు చూపిన రీలు ట్యూబులైటు కింద ఇంకో కోడు చూపుతుందన్న సంగతి అతనికి తెలుసు. ఆ పూట గుర్తురాలేదు. కళ్లున్నవాడికి అక్కరలేని జాగ్రత్త అది. అతనికి ఉన్నదల్లా ఆ జాగ్రత్తే.

రీళ్లు ఆ చీటీల వరసనే అరల్లోకి తిరిగి ఎక్కాయి. రెండు వారాల్లో పేజీ తయారైంది. చూడటానికి బాగుంది. రంగుల గళ్లు తెర నిండా నీట్‌గా పరుచుకున్నాయి. అయిదుగురు దర్జీలకు ఇచ్చి చూశారు. ఆర్డరు వచ్చింది మొదలు పొట్లం బయటికి పోయేదాకా ఎక్కడ చిక్కు పడుతుందో తెలుసుకోవాలని ఆ పొట్లాలు సాయంత్రాలు సేటు ఇంటికి పోయాక జోయెలే కట్టాడు. చీటీ మీద నంబరు చూడటం, రీళ్లు తీయడం, కట్టడం.

నాలుగో రోజు జల్‌పల్లి నుంచి సావిత్రి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ దుకాణంలోనే దారం కొనే మనిషి. వస్తూనే పొట్లం బల్ల మీద విప్పింది. పక్కన ఆకుపచ్చ పట్టు గుడ్డముక్క పెట్టి, అరల దగ్గరున్న ఆగయ్యను పిలిచింది.

"కాకా, నేను మెహందీ అడిగితే కాఫీపొడి పంపిన్రు. పన్నెండు రీళ్లు. ఇగ పెండ్లిపిల్ల జాకెట్టు తీస్కపోయి చాయ్‌ల ముంచాల్నా ఏంది?"

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. గుండయ్య నవ్వలేదు. ఈ పొట్లం ఎవరు కట్టారని అడిగాడు. ఒకటి కాదు, పన్నెండు రీళ్లు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కనబడి ఉండాలి. జోయెల్ బల్ల మీదికి చూశాడు. దారమూ గుడ్డా కలిసిపోయే ఉన్నాయి. నోరు తెరిచేలోపు ఆగయ్య అరల దగ్గర నుంచి మాట్లాడాడు.

"నేనే కట్టిన బిడ్డా. పొద్దుమూకింది. కండ్లు మసకేసినయి."

సావిత్రి ఆగయ్య తీసి ఇచ్చిన దారం పట్టుకుని వెళ్లిపోయింది. కానీ గుండయ్యకు అది లోపల గుచ్చుకుంది. నలభై ఏళ్ల మనిషి ఆకుపచ్చకూ గోధుమకూ తేడా పోల్చలేకపోతే ఇక ఆయన చేత్తో ఇచ్చిన దారాన్ని ఎవరు నమ్ముతారు? బోనాల దాకా ఆగేది లేదు, ఇక అరల దగ్గరికి రావద్దు అన్నాడు. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు. ఆ జాలితోనే బజారంతా చెప్పాడు. పేజీ సరిచేయడానికి అరల సంగతి తెలిసిన మనిషి కావాలని జోయెల్ అడిగితే, పని అయ్యేదాకా వచ్చి కూర్చోమని ఆగయ్యకు గడప పక్కన ఒక స్టూలు వేయించాడు. దర్జీలు గుడ్డముక్కలు పట్టుకుని ఆ స్టూలు పక్కనుంచే లోపలికి పోయి గుండయ్య చేతికిచ్చేవారు.

మర్నాడు గడప దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు జోయెల్, ఎందుకట్లా చెప్పావని అడిగాడు.

"నేను ఎట్లైనా పోయెటోన్ని," అన్నాడు ఆగయ్య. "నువ్వు ఇప్పుడే మొదలువెట్టినోనివి. ఫోనుతోని కొలుస్తుంటెనే తెలిసింది నాకు. మా చిన్న తమ్ముడు గిట్లనే. పండుమిరప ఏరనీకి పంపితే పచ్చిది తెంపుకొస్తుండె. మా నాయిన ఊకె కొడ్తుండె."

ఆ మాట తెలిసిన ప్రతివాడూ వెంటనే ఏదో ఒకటి చేతికి తీసుకుని ఇదేం రంగు అంటాడు. జోయెల్ దానికోసం ఎదురుచూశాడు. ఆగయ్య అడగలేదు. లోపలి అరల వైపు చెయ్యి చూపి, నువ్వు నా అరలు పాడుచేసినవ్, అన్నాడు. కోపం దాని మీద. జోయెల్‌కు సిగ్గు వేయాలి. వేయలేదు. పెన్సిలు తీశాడు.

అప్పుడు ఆగయ్య చెప్పుకుపోయాడు. ఒక్కతీరు రంగులు పక్కపక్కన పెడితే ఎంత మంచి కన్నయినా మోసపోతుంది. అందుకే ఆయన వాటిని దూరదూరంగా పెట్టాడు. మెహందీ మూడో వరుసలో, బంగారు జరీ రంగు పక్కన. కాఫీపొడి పదకొండో వరుసలో, ప్యాంటు గుడ్డల దారాల మధ్య. పదహారు వరుసలు, వరుసకు ఇరవై నాలుగు డబ్బాలు. ఏ వరుసా రంగును బట్టి పెట్టింది కాదు, దేనికి కుడతారో దాన్ని బట్టి పెట్టింది. రోజూ కావలసినవి చేతికి అందే ఎత్తులో. మూడో వరుస పట్టుజాకెట్లది. అయిదో వరుస బడి బట్టలది. ఎనిమిదో వరుస మొదట్లో నలుపులే అయిదు, బుర్కాలు కుట్టేవాళ్లకు, గుడ్డను బట్టి అయిదూ అయిదు తీర్లు. చిట్టచివరి వరుస బోనాలకు, ఏడాదిలో ఒక్క నెల కదిలేది. నలభై ఏళ్లలో దర్జీలకూ అవి అలవాటయ్యాయి. సావిత్రి లోపలికి వచ్చేటప్పుడే ఆమె చూపు మూడో వరుస మీద ఉంటుందట.

జోయెల్ తను చేసిన పేజీ తెరిచి చూశాడు. ఎర్రని గళ్ల పక్కన ఎర్రని గళ్లు, పచ్చని గళ్ల పక్కన పచ్చని గళ్లు. ఆగయ్య దూరదూరంగా పెట్టిన వాటినన్నిటినీ తెచ్చి ఒకచోట కుప్ప పోశాడు. చూసేవాళ్లు బాగుందన్నారు. వాడేవాళ్ల వేలు మాత్రం ఎక్కడ పడాలో తెలియక తిరిగింది. రంగులు సరిగ్గా కనబడేవాడు చేసినా అది చెడ్డ పేజీయే. ఈ మాట అతనికి ఓదార్పుగా తోచలేదు. పని ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలిసింది.

పది రోజులు ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. ఎండ పడినంతసేపే పని. ఒక్కో రీలు జోయెల్ చేతికిస్తాడు, ఆగయ్య వెలుతురులో తిప్పి పేరు చెబుతాడు: ఉల్లిపొర, బచ్చలిపండు, నెమలిమెడ, అంగూరి, రాణి, వక్కపొడి. కొన్నిటికి తెలుగు దర్జీలు ఒక పేరు, ఉర్దూ దర్జీలు ఇంకో పేరు అంటారు. రెండూ రాశాడు. చీటీ అక్కడికక్కడే అంటించి, రీలును దాని పాత డబ్బాలోనే పెట్టాడు. మబ్బు పట్టినప్పుడు ఆపేశారు. పొద్దుగుంకాక ఒక్క రీలు కూడా ముట్టలేదు.

కొత్త పేజీలో రంగుల గళ్లు లేవు. తెరిస్తే పదహారు వరుసలు, దుకాణంలో ఉన్నట్టే పైనుంచి కిందికి. వరుస మీద నొక్కితే ఇరవై నాలుగు డబ్బాలు, ఎడమ నుంచి కుడికి అదే వరసలో. ఒక్కో డబ్బా మీద చిన్న రంగు ముక్క, దానికన్నా పెద్ద అక్షరాల్లో పేరు. అనుమానం ఉన్నవాళ్లకు కింద ఒక్కటే బటన్: గడప మీద చూడాలి. అది నొక్కితే దుకాణం మూడు దగ్గరి రంగులు పంపుతుంది. గుడ్డ పక్కన పగలు పెట్టి చూసుకుని, ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపాలి. ఆగయ్య దూరపు బేరాలకు ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాడు. జోయెల్ దానికి బటన్ పెట్టాడు. అంతకన్నా కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అయ్యాక జల్‌పల్లి వెళ్లి సావిత్రి ఇంట్లో మిషను పక్కన కూర్చుని ఆమె చేతికి ఫోను ఇచ్చాడు. నోరు విప్పలేదు. పట్టుజాకెట్టుకు ఎర్రదారం కావాలి ఆమెకు. బొటనవేలు మూడో వరుస మీద పడింది, అక్కడినుంచి కుడివైపు పోయింది, నొక్కింది. ఎక్కడా ఆగలేదు.

"గిది మా కాక దుకాణం తీర్గనే ఉన్నదే," అంది సావిత్రి. మళ్లీ మిషను తొక్కబోతూ అంది, "పాపం, కాకకు కండ్లు వోయినయంట గద తమ్మీ. మా గల్లీలందరు అంటున్రు."

జోయెల్ ఫోను తీసుకుని లేచాడు. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని తనకేమైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాడు. ఏమీ అనిపించలేదు. అనిపించకపోయినా చేయవలసింది ఏమిటో తెలుస్తూనే ఉంది. చెబితే ఈ దుకాణమే కాదు, ఈ బజారులో ఇంకో దుకాణం పని కూడా రాదు. చెప్పకపోతే ఆగయ్య ఆ పేరుతోనే ఇంటికి పోతాడు.

బోనాలకు రెండు రోజుల ముందు, శుక్రవారం, పేజీ దర్జీలందరికీ పంపారు. మధ్యాహ్నానికి పదకొండు ఆర్డర్లు వచ్చాయి. గుండయ్య ప్రతి ఆర్డరునూ తనే చదివి, తనే డబ్బా దగ్గరికి పోయి రీలు తీసి, సంబరపడ్డాడు. గల్లీలో వేపమండలు కడుతున్నారు. గడప మీద ఆగయ్య స్టూలు మీద ఉన్నాడు. జోయెల్ అప్పగింతల కాగితం బల్ల మీద పెట్టాడు. పేజీ అడ్రసు, పాస్‌వర్డులు, కొత్త రంగు వస్తే ఏం చేయాలి, అన్నీ తన చేతిరాతతో రాసుకొచ్చాడు.

మస్తు చేసినవ్ అని గుండయ్య భుజం తట్టాడు. ఆగయ్య కళ్లు పోయినందుకే దేవుడు నిన్ను మా దుకాణానికి తోలిండు అన్నాడు.

"ఆ పొట్లం కట్టింది కాక కాదు సేటూ," అన్నాడు జోయెల్. "నేను కట్టిన. మెహందీ, కాఫీపొడి నాకు ఒక్కతీర్గనే కనబడ్తయి. పుట్టినకాన్నుంచి గంతే."

గుండయ్య జోయెల్ అనుకున్నట్టే చేశాడు. పక్కనున్న రీలు ఒకటి తీసి ముఖం ముందు పట్టాడు.

"ఇదేం రంగు?"

జోయెల్ రీలు అందుకుని, తిరగేసి, అడుగున చీటీ చదివాడు. "మూడో వరుస, నాలుగో డబ్బా. మెహందీ."

"సూసి చెప్పు."

"సూసి చెప్పరాదు సేటూ నాకు."

ఎనిమిదేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది.

"రంగులు తెల్వకుండ దారాల దుకాణం పని పట్టినవా? ముందుగాల చెప్పకపోతివి."

"చెప్తే ఇయ్యకపోదువు."

గుండయ్య రీలును వెనక్కి తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. "నిజమే," అన్నాడు. "ఇయ్యకపోదును."

మరి ఈ రంగులన్నీ ఎవరు చూశారని అడిగాడు. జోయెల్ కాగితం మీద కింది వరుస చూపించాడు. రంగులన్నీ పగటి వెలుతురులో చూసి పేర్లు చెప్పింది ఆగయ్య అని అక్కడ రాసి ఉంది. దాని పైన ఇంకో సంగతి రాశాడు. కొత్త రంగు ఎవరు ఎక్కించినా, ఇంకొకరు చూసి 'చూసిన' అన్న బటన్ నొక్కేదాకా అది పేజీలోకి రాదు. ఒక్కరి కన్ను మీద నడవకుండా అలా కట్టాడు.

గుండయ్య కాగితం మొత్తం చదివాడు. చదివి ఫోను తీసి సావిత్రికి కలిపాడు. ఆ పొట్లం ఆగయ్య కట్టింది కాదమ్మా, మా దగ్గర కొత్తగా వచ్చిన మనిషి కట్టిండు, కాక కళ్లకు ఏమీ కాలేదు, మీ గల్లీలో గూడ చెప్పు అని పెట్టేశాడు. జోయెల్ వైపు చూడలేదు. అతనికి ఇంకో పని ఇస్తానని గానీ ఇవ్వనని గానీ అనలేదు.

అంతలో ఒకామె పసుపు గుడ్డముక్క పట్టుకుని లోపలికి వచ్చింది. గుండయ్య చెయ్యి చాచలేదు.

"కాకకు ఇయ్యమ్మా," అన్నాడు.

ఆగయ్య స్టూలు పట్టుకుని లేచాడు. గుడ్డముక్కను వెలుతురులో ఒకసారి తిప్పాడు. కుంటుకుంటూ లోపలికి వచ్చి, జోయెల్ పక్కనుంచి దాటి, నేరుగా ఒక డబ్బాలో చెయ్యి పెట్టాడు.

జోయెల్ ల్యాప్‌టాప్ మూసి, వైరు చుట్టుకున్నాడు. మిగిలిన ఖాళీ చీటీలూ జిగురు సీసా చెప్పుల డబ్బాలో సర్ది, కొత్త రంగులు వస్తే పనికొస్తాయని గుండయ్య ముందు పెట్టాడు. గుండయ్య డబ్బా దగ్గరికి లాక్కుని, అప్పగింతల కాగితం మడిచి అందులో పెట్టి, గల్లా కింద సొరుగులో వేసుకున్నాడు.